ట్రౌట్ మాంసం రంగు చూసే కలర్ ఫ్యాన్: రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

రాడ్, రీల్ రివ్యూలు చాలామంది రాస్తారు, నేను రాసేది వాటి గురించి కాదు. ట్రౌట్ అంటే చల్లటి నీళ్లలో ఉండే, సాల్మన్‌కి చుట్టమైన చేప, దాన్ని పట్టి కోశాక మాంసం ఏ రంగులో ఉందో నంబర్‌తో చెప్పే కలర్ ఫ్యాన్ గురించి. గోడకి రంగు వేయించేటప్పుడు పెయింట్ వాళ్లు విసనకర్రలా విచ్చుకునే కార్డులు చూపిస్తారు కదా, అచ్చం అలాంటిదే, కాకపోతే ఇందులో అన్నీ లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు కలిసిన నారింజ దాకా ఉండే రంగులే. అసలు ఇది సాల్మన్ ఫారాల వాళ్ల కోసం పుట్టిన సామాను. వాళ్లలో సాల్మోఫ్యాన్ అనేది బాగా పాతుకుపోయిన పేరు, 20 నుంచి 34 దాకా మొత్తం 15 రంగులు. నా దగ్గరున్నది కూడా అదే స్కేల్ మీద ఉన్నదే. గాలం వేసేవాళ్లు దీన్ని కొనడం నేను పెద్దగా చూడలేదు, కానీ కొనాల్సిన వస్తువు అని నా గట్టి నమ్మకం, ఎందుకో చెప్తాను.

ఇది కొనడానికి కారణం ఒక గొడవ. గొడవ అంటే కొట్టుకున్నామని కాదు, ఒకే చెరువులో ఒకే పొద్దున్న రెండు రెయిన్‌బో ట్రౌట్లు పడ్డాయి, రెండూ దాదాపు ఒకే సైజు, బయటికి చూస్తే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. కోస్తే ఒకటి లోపల మంచి నారింజ రంగు, ఇంకోటి తెల్లగా బూడిద కలిసినట్టు. నాతో వచ్చిన పెద్దాయన, నేను అన్నా అనే పిలుస్తాను, నాకంటే ఇరవై ఏళ్లు ముందు నుంచి గాలం వేస్తున్నాడు, చూడగానే "తెల్లది ఫారం చేప రా, ఎర్రది ఇక్కడే పుట్టింది" అన్నాడు. నేనేమో "కాదన్నా, జాతే వేరయ్యుంటుంది" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు మా ఇద్దరి దగ్గరా ఆధారం లేదు, ఉన్నదల్లా గట్టిగా మాట్లాడే అలవాటే.

అసలు విషయం ఏంటంటే, ట్రౌట్ ఒంట్లో ఆ ఎరుపు తయారవదు. అది ఆస్టాగ్జాంతిన్ అనే రంగు పదార్థం, కెరొటినాయిడ్ల కుటుంబం, అంటే క్యారెట్‌కి రంగు ఇచ్చేదానికి చుట్టమే. నీళ్లలో పాచి దగ్గర మొదలవుతుంది, ఆ పాచిని తిన్న బుల్లి రొయ్యజాతి పురుగుల్లో ఆస్టాగ్జాంతిన్‌గా మారి పోగవుతుంది, వాటిని ట్రౌట్ తింటే దాని కండలోకి వచ్చి చేరుతుంది. ట్యూనా ఎరుపు వేరే కథ, అది మయోగ్లోబిన్, కండకి ఆక్సిజన్ అందించే ప్రొటీన్. ట్రౌట్ ఎరుపు మాత్రం పూర్తిగా తిండి నుంచి వచ్చిందే. రొయ్య పచ్చిగా ఉన్నప్పుడు నీలం బూడిద రంగులో ఉండి మరుగుతున్న నీళ్లలో పడగానే ఎర్రబడుతుంది కదా, అది కూడా ఈ పదార్థమే, పచ్చి రొయ్యలో ప్రొటీన్‌తో ముడిపడి ఉండడం వల్ల కనపడదు, వేడికి ఆ ముడి ఊడితే బయటపడుతుంది. ట్రౌట్‌లో ఆ దాగుడుమూతలు లేవు, పచ్చిగా ఉన్నప్పుడే కనపడుతుంది, పైగా వండితే ప్రొటీన్ గడ్డకట్టి తెల్లబారి రంగు కొంచెం వెలిసినట్టు అవుతుంది. అందుకే ఫ్యాన్‌తో చూడాలంటే పచ్చి మాంసం మీదే చూడాలి, వండాక చూసి రాసుకున్న నంబర్‌కి విలువ లేదు.

ఇక ఫ్యాన్ సంగతి. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, రేకులు మందంగా, తడి తగిలినా ఉబ్బని ప్లాస్టిక్ లాంటి పూత, చేప జిగురు అంటుకుంటే తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఒక మూల రివెట్ దగ్గర మాత్రం జిగురు, పొలుసు ఇరుక్కుంటాయి, అక్కడ పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దాలి, లేకపోతే రెండో రోజుకి వాసన. రెండు సీజన్లలో రంగు వెలిసినట్టు నాకు అనిపించలేదు, కానీ నేను దాన్ని ఎండలో వదలను, డబ్బాలో చీకట్లో పెడతాను, అచ్చు రంగు ఏదైనా ఎండకి వెలుస్తుంది కాబట్టి మీరూ అలాగే చేయండి.

వాడడం చూడటానికి తేలిక, కానీ మొదటి నెల నేను తప్పుగానే వాడాను, అది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఫ్యాన్ మంచిదా కాదా అనేది సగం ఇక్కడే తేలిపోతుంది. ఒకటి, వెలుతురు. సాయంత్రం పూట పసుపు బల్బు కింద పెట్టి చూస్తే ప్రతి చేపా ఎర్రదే. ఫారాల వాళ్లు దీనికోసం పగటి వెలుతురుని పోలిన లైటు ఉన్న పెట్టె వాడతారు, మనకి అంత అక్కర్లేదు, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో, నీడలో చూస్తే చాలు. రెండు, ఎక్కడ చూస్తున్నాం అనేది. ఒకే ముక్కలో తల వైపు ఒక రంగు, తోక వైపు ఇంకో రంగు ఉంటుంది, సాధారణంగా తోక వైపు ముదురు. పొట్ట అంచు దగ్గర కొవ్వు ఎక్కువ, అక్కడ లేతగా కనపడుతుంది. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా పోయే గీత వెంబడి చర్మం కింద సన్నగా గోధుమ ఎరుపు కండ ఒక పట్టీలా ఉంటుంది, అది మయోగ్లోబిన్ ఉన్న కండ, చేప ఆగకుండా ఈదడానికి వాడేది, ఫ్యాన్‌ని పొరపాటున దాని పక్కన పెడితే తెల్ల చేపకి కూడా పెద్ద నంబర్ వస్తుంది. నేను ఇప్పుడు ప్రతి చేపకీ వెన్ను రెక్క వెనకాల, వెన్నుముల్లుకి పైన ఉన్న మందపాటి కండ దగ్గరే చూస్తాను, ఎప్పుడూ అక్కడే, అప్పుడే ఒక చేపని ఇంకో చేపతో పోల్చగలం.

మూడు, రక్తం. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం వదిలేయకపోతే కండలో రక్తం నిలిచి అక్కడక్కడా ఎర్ర మరకలు పడతాయి, కంటికి మొత్తం ఎర్రగా అనిపిస్తుంది. ఇంకో సంగతి, చేప చచ్చాక కట్టెలా బిగుసుకునే గంటల్లో చూసిన రంగుకీ, మళ్లీ మెత్తబడ్డాక చూసిన రంగుకీ తేడా ఉంటుంది. ఫ్రీజర్‌లో నెలల తరబడి పెట్టినదైతే ఇంకా దారుణం, గాలి తగిలి ఆస్టాగ్జాంతిన్ ఆక్సీకరణ చెంది వెలిసిపోతుంది. కాబట్టి ఎప్పుడు చూశామో కూడా నంబర్ పక్కన రాసుకోవాలి.

ఫోన్‌తో ఫొటో తీసి తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లకి ఒక మాట. ఫోన్ కెమెరా రంగుల్ని తన ఇష్టానికి సర్దేస్తుంది, అదే ముక్క నీలం పళ్లెంలో ఒకలా, తెల్ల పళ్లెంలో ఒకలా పడుతుంది. ఫ్యాన్‌ని విప్పి ముక్క పక్కనే పెట్టి, రెండూ ఒకే ఫ్రేమ్‌లో వచ్చేలా తీయండి, అప్పుడు ఫొటో ఎంత తప్పైనా రెండూ కలిసే తప్పుతాయి కాబట్టి పోలిక నిలబడుతుంది. ఒక్క ఈ ఉపయోగానికే ఫ్యాన్ కొన్నా నష్టం లేదని నా లెక్క.

సరే, ఇంతకీ ఇది ఏం నేర్పింది. నేను ఒక పద్ధతి పెట్టుకున్నా, చేప కోయగానే ముందు పొట్ట విప్పి అందులో ఏముందో తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి పరిచి చూస్తా, తర్వాత ఫ్యాన్, తర్వాత నోట్‌బుక్‌లో రాసుకోవడం. మొదటి సీజన్లోనే కళ్లు తెరుచుకున్నాయి. 29, 30 దాకా వచ్చిన చేపల పొట్టలో చాలాసార్లు గమరస్ ఉండేది, అది వంగిన చిన్న రొయ్యలా ఉండే మంచినీటి పురుగు, రాళ్ల కింద, నాచులో ఉంటుంది, గోరంత కూడా ఉండదు. పళ్లెంలో నీళ్లు పోసి కదిపితే సగం అరిగిన ఆ పెంకులు నారింజ రంగు పొట్టులా తేలతాయి, అది ఒక్కసారి చూస్తే చాలు, మాంసానికి ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. 20 కూడా అందని తెల్ల చేపల్లో ఎక్కువగా నీటి మీద పడిన చీమలు, రెక్కల పురుగులు, లేదా బుల్లి చేపలు ఉండేవి. నేల మీది పురుగుల్లో ఆస్టాగ్జాంతిన్ లేనట్టే లెక్క, వాటిలో లూటీన్ లాంటి పసుపు రకాలు ఉంటాయి, వాటిని ట్రౌట్ కండ అంత బాగా పట్టి ఉంచుకోదు.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, పొట్టలో ఉన్నది ఈ పూట తిన్నది, కండలో రంగు నెలల తరబడి తిన్నది. తిన్న ఆస్టాగ్జాంతిన్‌లో కండకి చేరి నిలిచేది కొద్ది భాగమే, అందుకే రంగు మెల్లగా ఎక్కుతుంది. పొట్ట నిండా గమరస్ ఉండి మాంసం తెల్లగా ఉన్న చేప నాకు రెండుసార్లు తగిలింది. అవి అప్పుడప్పుడే వదిలిన ఫారం చేపలై ఉండాలని నా అంచనా, తోక రెక్క అంచులు అరిగిపోయి ఉన్నాయి, సిమెంటు తొట్లలో కిక్కిరిసి పెరిగిన చేపలకి అలా అవుతుంది. రంగు కలపని మేత తిని వచ్చాయి, ఈ చెరువు తిండి ఇంకా కండకి ఎక్కలేదు. ఇదే అన్నకి చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నాడు, "అయితే నేను అన్నది సగం కరెక్టే కదరా" అని. సగం కరెక్టే, నిజంగానే. తెల్లగా ఉంటే ఫారం చేప కావచ్చు. కానీ తెల్లగా ఉన్నదల్లా ఫారం చేప కాదు, ఎర్రగా ఉన్నదల్లా సహజంగా పెరిగిందీ కాదు.

ఎందుకంటే ఫారాల మేతలో ఈ రంగు కలుపుతారు, ఇది దాచిన విషయమేమీ కాదు. ఫ్యాక్టరీలో చేసిన ఆస్టాగ్జాంతిన్ ఉంటుంది, హెమటోకాకస్ అనే పాచి నుంచి, ఫాఫియా అనే ఈస్ట్ నుంచి తీసిందీ ఉంటుంది. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1995లో సాల్మన్ జాతి చేపల మేతలో దీనికి అనుమతి ఇచ్చింది. కాంథాగ్జాంతిన్ అని ఇంకో రంగు కూడా వాడేవాళ్లు, అది మనుషులు ట్యానింగ్ మాత్రల రూపంలో మోతాదు మించి తీసుకుంటే కంటి రెటీనాలో స్ఫటికాలు కట్టడం కనపడింది కాబట్టి యూరోపియన్ యూనియన్ 2003లో ట్రౌట్, సాల్మన్ మేతలో దాని పరిమితిని కిలోకి 25 మిల్లీగ్రాములకి దించింది. కాబట్టి ఫారం నుంచి వచ్చిన ట్రౌట్ ఫ్యాన్ మీద ముప్పై దాటి ఉండొచ్చు, కొండ వాగులో పుట్టి పెరిగిన చిన్న బ్రౌన్ ట్రౌట్ తెల్లగా ఉండొచ్చు. ఫ్యాన్ చెప్పేది రంగు ఒక్కటే, పుట్టుక కాదు, ఈ తేడా తెలియకుండా కొంటే ఫ్యాన్‌తో తప్పుడు తీర్పులు చెప్పేస్తాం.

నీటిని బట్టి కూడా బాగా తేడా వస్తుంది, ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. సున్నపురాయి నేల మీద ఉన్న నీళ్లలో గమరస్, నత్తలు బాగా పెరుగుతాయి, పెంకుకి సున్నం కావాలి కదా. ఆమ్లం ఎక్కువ ఉన్న నీళ్లలో, పీహెచ్ ఆరుకి కిందికి పోతే గమరస్ నిలబడలేదు. అందుకే పీట్ నేలల మీది, అంటే సగం కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న తడి నేలల మీది టీ రంగు నీళ్లలో పెరిగిన చేప బయట చర్మం మీద చుక్కలు ఎంత అందంగా ఉన్నా లోపల లేతగా ఉండటం మామూలే. పెద్ద లోతైన చెరువుల్లో గమరస్ లేకపోయినా నీటి మధ్యలో తేలే డాఫ్నియా, కోపీపాడ్ల లాంటి బుల్లి రొయ్యజాతి జీవులు ఉంటాయి, వాటిని ఏరుకుని తినే చేపలు కూడా ఎర్రబడతాయి. సముద్రానికి పోయి వచ్చే సీ ట్రౌట్ జాతి ప్రకారం బ్రౌన్ ట్రౌటే, స్టీల్‌హెడ్ జాతి ప్రకారం రెయిన్‌బోనే, అక్కడి తిండి తిని మాంసం రంగు మారి వస్తాయి. అంటే ఆ రోజు నేను అన్న జాతి వేరు అనే మాట తేలిపోయినట్టే.

అలాగని జాతకం పూర్తిగా తిండి చేతిలోనే ఉందనీ అనలేం. ఒకే తొట్టిలో ఒకే మేత తిన్న అన్నదమ్ముల చేపలే ఒకే నంబర్‌కి రావు, పట్టి ఉంచుకునే శక్తి వంశాన్ని బట్టి మారుతుంది. దీనికి పెద్ద ఉదాహరణ ట్రౌట్‌కి దగ్గరి చుట్టమైన చినూక్ సాల్మన్, వాటిలో కొన్ని పుట్టుకతోనే తెల్ల మాంసంతో ఉంటాయి, ఎర్రవి తినే తిండే తింటాయి, కానీ కెరొటినాయిడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ జీన్‌లో ఉన్న తేడా వల్ల రంగు కండలో నిలవదు. చిన్న చేపల్లో కూడా రంగు అంతగా నిలవదు, కాస్త ఎదిగాకే పట్టుకోవడం మొదలవుతుంది, అందుకే అరచేతి సైజు చేపల మీద ఫ్యాన్ పెట్టడం నేను మానేశాను.

ఇప్పుడు లోపాలు. మొదటిది, స్కేల్ కింది భాగం. ఇది రంగు ఉన్న చేప కోసం చేసింది, 20 అంటేనే లేత గులాబీ. గాలానికి పడే చేపల్లో చాలావాటికి ఆ గులాబీ కూడా ఉండదు, పసుపు కలిసిన తెలుపు, బూడిద తెలుపు, వీటికి రేకులు లేవు. నా నోట్‌బుక్‌లో "20 కింద" అని రాసినవి ఎన్నో, వాటి మధ్య తేడాలన్నీ గాలికి పోయాయి. రెండోది, నంబర్లు చూసి లెక్కలు వేయకూడదు. 30 అంటే 20 కంటే ఒకటిన్నర రెట్లు రంగు అని కాదు. మన కంటికి మొదట్లో కొంచెం పదార్థం చేరినా పెద్ద తేడా కనపడుతుంది, బాగా ఎర్రబడ్డాక ఎంత చేరినా పెద్దగా తెలియదు. కాబట్టి సగటులు తీసి గ్రాఫులు గీసే పని పెట్టుకోవద్దు, ఎక్కువ తక్కువ అనే వరస వరకే దీన్ని నమ్మండి. మూడోది కొవ్వు, బాగా కొవ్వు పట్టిన చేపలో రంగు పదార్థం ఉన్నా కొవ్వు వెలుతురుని చెదరగొట్టి లేతగా చూపిస్తుంది. ఇది ఫ్యాన్ తప్పు కాదు, కంటితో చూసే ఏ పద్ధతికైనా ఉండేదే.

రుచి సంగతి చాలామంది అడుగుతారు. నా మాట సూటిగా, ఫ్యాన్ చూసి రుచి చెప్పలేం. ఆ రంగు పదార్థానికి దానంతట దానికి చెప్పుకోదగ్గ రుచి లేదు. గమరస్ బాగా తిన్న చేప రుచిగా ఉంటే అది ఆ తిండి, ఆ కొవ్వు వల్ల. మట్టి వాసన వచ్చే చేప ఉంటుంది చూడండి, అది జియోస్మిన్ అనే పదార్థం, నీటిలోని కొన్ని పాచి రకాలు, బ్యాక్టీరియా చేసేది, ఎర్ర చేపకీ పట్టొచ్చు తెల్ల చేపకీ పట్టొచ్చు. తెల్లగా ఉందని మంచి తాజా చేపని పక్కన పడేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ప్రాణం తీసి పట్టుకున్న చేప అది.

మొత్తంగా ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది తెలుపు వైపు రేకులు లేనందుకు. ఏడాదికి రెండు మూడు చేపలు పట్టేవాళ్లకి అక్కర్లేదు, పట్టినవన్నీ తిరిగి నీళ్లలో వదిలేసేవాళ్లకి అసలే అక్కర్లేదు, దీనికోసం చేపని చంపడం తప్పు. ఒకే నీటి మీద ఏళ్ల తరబడి గాలం వేస్తూ, తినడానికి కొన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్లైతే కళ్లు మూసుకుని తీసుకోండి.

మొన్న సీజన్ చివర్లో అన్నకి ఒక ఆడ బ్రౌన్ ట్రౌట్ పడింది, గుడ్లు పెట్టడానికి సిద్ధంగా, పొట్ట ఉబ్బి ఉంది. అదే చెరువులో వేసవి మొదట్లో పట్టిన అదే సైజు చేపలు 27, 28 వచ్చాయి కాబట్టి ఇదీ అంతే ఉంటుందనుకున్నాం. కోస్తే మాంసం వెలిసిన గుడ్డలా ఉంది, వేలు పెడితే నీళ్లు ఊరుతోంది, ఫ్యాన్ మీద 20 కూడా రాలేదు. తిండి మారిందా అని అన్న అడిగాడు. నేను పొట్టలోంచి గుడ్ల సంచి తీసి పళ్లెంలో పెట్టాను, బఠాణీ గింజంత గుడ్లు, లోపల దీపం పెట్టినట్టు నారింజ రంగు. ఆ కాలంలో ఆడ చేప తన కండలో దాచుకున్న రంగుని గుడ్లకి పంపేస్తుంది, మగది చర్మానికి పంపుతుంది, అందుకే ఆ రోజుల్లో మగ చేప బయట నిగనిగలాడుతూ లోపల వెలవెలబోతుంది. గుడ్లు పెట్టకుండా చేసిన ట్రిప్లాయిడ్ ఆడ చేపల్ని కొన్ని చెరువుల్లో వదులుతారు, వాటికి ఈ బాధ లేదు, ఏడాది పొడుగునా రంగు అలాగే ఉంటుంది. ఇదంతా చెప్తుంటే అన్న వింటూనే ఫ్యాన్ తీసుకుని గుడ్ల పక్కన ఒక్కో రేకూ పెట్టి చూశాడు, 31 దగ్గర ఆగాడు. "మాంసం నంబర్ పక్కన ఇది కూడా రాయి తమ్ముడూ" అన్నాడు, రాశాను.